నొబుయె గారి పేజీ

జనవరి 14, ఆదివారం

కోచ్ పేరు నెట్‌లో వెతికాను. వెతకకుండా ఉండాల్సింది. అప్పటినుంచి ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

సెప్టెంబరు నుంచి ప్రతి ఆదివారం పొద్దున్న, అమెరికాకి పైనున్న ఈ మంచుదేశపు కేంబ్రిడ్జ్‌లో ఒక స్కూలు జిమ్‌లో మాకు ఫుట్‌బాల్ నేర్పుతున్న మనిషి ఆవిడ. మేమంటే కాలేజీకీ వేర్‌హౌస్‌కీ మధ్య వారమంతా నలిగే ఆడపిల్లలం. పంజాబీలు, నేపాలీలు, నైజీరియా అక్కచెల్లెళ్ళిద్దరు, తెలుగువాళ్ళం నేనూ నా రూమ్మేట్ ఎమిలీ. పైసా తీసుకోదు. యాభై ఎప్పుడో దాటిన మనిషి, మాకంటే ముందు పరుగు మొదలెట్టి మా అందరి తర్వాత ఆపుతుంది. భర్తకి కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగమైతే ఆయన వెంట జపాన్ నుంచి వచ్చింది. ఆయన వెనక్కి వెళ్ళిపోయాడు, ఈవిడ ఉండిపోయింది. ఇంతకు మించి మాకేమీ తెలియదు. ఇవాళ ఆట అయ్యాక నేపాలీ అమ్మాయి చెప్పింది, నొబూ కోచ్ ఒకప్పుడు జపాన్ జాతీయ జట్టుకి ఆడిందని.

బస్సులోనే వెతికాను. ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల ఆ నెట్ విజ్ఞానసర్వస్వంలో ఆవిడకొక పేజీ ఉంది. పేజీ అనడం మన దయ. “నొబుయె కురమిత్సు జపాన్‌కు చెందిన మాజీ మహిళా ఫుట్‌బాల్ క్రీడాకారిణి. జాతీయ జట్టుకు ఆడింది.” కింద ఒక పట్టిక. క్లబ్: హమనో స్పిన్నింగ్. స్థానం: డిఫెండర్. మ్యాచ్‌లు: మూడు. గోల్స్: సున్నా. ఫోటో ఉండాల్సిన చోట బూడిదరంగు తలకాయ బొమ్మ.

అంతే! ఒక మనిషి బతుకంతా అంతే!

పక్కనే మగవాళ్ళ పేజీలు తెరిచాను. ఒకడి చీలమండ బెణుకు గురించే మూడు పేరాలున్నాయి. డిఫెండర్ పేరు ముందు గోల్స్ సున్నా అని రాయడమేమిటి? కాపలావాణ్ణి పిలిచి, నువ్వెన్ని దొంగతనాలు చేశావురా అని అడిగినట్టు!

ఇంటికొచ్చి ఎమిలీకి చదివి వినిపించాను. అది గోళ్ళకి రంగు వేసుకుంటోంది.

“ఏంటే ఆ విసుర్లు? బల్ల విరిగిపోద్ది. నీ పేజీ కాదు గదా.”

“అందరి పేజీ!”

“నాకు పేజీయే లేదు తల్లీ. నేనేమన్నా ఏడుత్తున్నానా?”

నర్సాపురం వాళ్ళకి ఏదీ పట్టదు.

జనవరి 22

స్టూడెంట్లు ఎక్కువైపోయారు, ఇక తగ్గిస్తాం అని మంత్రి టీవీలో చెప్పాడు. ఈ బేస్‌మెంట్‌లో ఐదుగురం ఉంటున్నాం. ఎక్కువయ్యామన్న మాట నిజమే. అయితే మమ్మల్ని పిలిచింది ఎవరు? ఫీజులు తిన్నది ఎవరు? ఖమ్మంలో మా యూనియన్ ఆఫీసులో చదివిన కరపత్రాల్లో ఒక మాట ఉండేది: అవసరమైనప్పుడు చేతులు కావాలి, అవసరం తీరాక ఆ చేతుల వెనక మనుషులున్నారని విసుక్కుంటారు.

వార్త వచ్చిన గంటకే కన్సల్టెన్సీ రాజగోపాల్ అన్న దిగాడు. రెజ్యూమెల మనిషి. హైదరాబాద్‌లో ఉన్నదో లేదో తెలియని కంపెనీ పేరు మీద ఎవరికైనా రెండేళ్ళో మూడేళ్ళో అనుభవం పుట్టిస్తాడు. దాన్ని ఇక్కడ “ఎక్స్‌పీరియన్స్ పెట్టించుకోవడం” అంటారు, పచ్చబొట్టు పెట్టించుకున్నట్టు.

“ఇగ టైట్ అయితది చెల్లె. ఇప్పుడే పెట్టుకోవాలె. ఎమిలీకి టెస్టింగ్‌ల మూడేండ్లు పెడదాం. ఝాన్సీ, నీకు?”

“మూడేళ్ళ కింద నేను డిగ్రీ చదువుతున్నా అన్నా. ధర్నాల్లో ఉన్నా.”

“మంచిదే గదా. ధర్నాను ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అని రాద్దాం.”

ఎమిలీ కిసుక్కున నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. అబద్ధాల మీద ఉద్యోగం, ఆ ఉద్యోగం మీద ఇల్లు, ఆ ఇంట్లో పిల్లలకి నీతులా, అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను.

“అందరు పెడుతుండ్రు తల్లీ. పెట్టనోడే ఇప్పుడు దొంగలెక్క కనిపిస్తుండు. కత్తి దించు ఝాన్సీ, ఛాయ్ ఉంటే పొయ్యి.”

పొయ్యలేదు. అతను వెళ్ళేటప్పుడు ఎమిలీ అతని కార్డు తీసుకుంది. చూశాను.

జనవరి 28

ఆట అయ్యాక అడిగేశాను. ఎందుకు మానేశారు కోచ్?

“నేను అంత బాగా ఆడేదాన్ని కాదు,” అంది.

జాతీయ జట్టుకి ఆడిన మనిషి అనే మాటా ఇది? మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే మాట. అడిగిన ప్రతిసారీ బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకుంది. ఏదో దాస్తోంది. ఈ వినయం కూడా పైవాళ్ళు నేర్పినదే. అణిచిన చెయ్యి పోయినా ఒంగిన మెడ ఒంగే ఉంటుంది.

తర్వాత తనే ఒక సంగతి చెప్పింది. సిటీ వాళ్ళ రిక్రియేషన్ సెంటర్‌లో ఆడపిల్లల ఫుట్‌బాల్‌కి కోచ్ ఉద్యోగం పడిందట. పర్మనెంటు. ఇప్పుడు ఆవిడ అదే సెంటర్‌లో ఈతకొలను కౌంటర్ దగ్గర పార్ట్‌టైం చేస్తోంది, లాకర్ తాళాలిచ్చే పని. నా పేరు ఆవిడ నోట ఝాన్షీ అవుతుంది.

“నీ ఇంగ్లీషు గట్టిది ఝాన్షీ. నాది కౌంటర్ ఇంగ్లీషు. అప్లికేషన్ రాసిపెడతావా? ఈ ఉద్యోగం వస్తే నా జీవితంలో మొదటిసారి బంతి నాకు అన్నం పెడుతుంది.”

మొదటిసారి! దేశానికి ఆడిన మనిషి! బస్సు దిగి మంచులో ఇంటిదాకా పరుగెత్తాను. చలికి కాదు.

ఫిబ్రవరి 3

అప్లికేషన్ రాసిచ్చాను. అన్నీ నిజాలే. అందుకే చచ్చుగా ఉంది.

ఫిబ్రవరి 11

కంపెనీ జట్ల గురించి దొరికినంతా చదివాను. నూలు మిల్లులో పని. షిఫ్టు అయ్యాక ఆట. ఆటలో గెలిస్తే కంపెనీకి పేరు, ఓడితే మేస్త్రీ తిట్లు. అప్లికేషన్‌లో రాసిన లెక్క ప్రకారం ఈవిడ ఇరవై అయిదేళ్ళకే ఆపేసింది. ఇరవై అయిదేళ్ళకి ఎవరు ఆపుతారు? ఎవరో ఆపారు. లేదా ఈవిడే ఎదురుతిరిగి బయటికి నడిచింది. అదయి ఉండొచ్చు. లేసు విప్పి కట్టుకున్న ఆ చేతులు చూస్తే అదే అయి ఉండాలి. ఇంకేమవుతుంది? అదే.

ఇవాళ మధ్యాహ్నం తెలుగు అసోసియేషన్ ప్రెసిడెంట్ అమరేశ్వరరావు గారు ఎమిలీకి ఫోన్ చేశారు. పాతికేళ్ళ కింద అమెరికా మీదుగా వచ్చి పక్క ఊరు వాటర్లూలో స్థిరపడ్డ సాఫ్ట్‌వేర్ పెద్దమనిషి. మార్చిలో మహిళా దినోత్సవం, సన్మానం చెయ్యడానికి ఎవరైనా మహిళ కావాలట. ఇన్నేళ్ళూ చేసిన మహిళలకే చేసి చేసి అయిపోయారట. ఫోన్ లాక్కుని కోచ్ పేరు చెప్పాను.

“జపాన్ ఆవిడా? ఇంటర్నేషనల్! అద్భుతం అమ్మా. సన్మానపత్రం నువ్వే రాసెయ్. తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. కాస్త బరువుగా ఉండాలి సుమా, తేలిపోకూడదు.”

ఫిబ్రవరి 18

రాశాను. కూర్చున్నచోటు నుంచి లేవకుండా రాశాను. “గాయపడిన తోటి క్రీడాకారిణుల వైద్యం కోసం, సమాన వేతనం కోసం జాతీయ జట్టునే ధిక్కరించి బయటికి నడిచిన ధీర.” ఈ వాక్యం దగ్గర నాకే కళ్ళు చెమర్చాయి.

అసోసియేషన్ వెబ్‌సైట్‌లో ఇంగ్లీషుది సాయంత్రానికల్లా పెట్టారు. అప్పుడు తట్టింది. ఆ విజ్ఞానసర్వస్వంలో ఏం రాసినా ఆధారం అడుగుతారు. ఇప్పుడు ఆధారం ఉంది! లంకె ఇచ్చి కోచ్ పేజీలో రెండు పేరాలు కలిపాను. ఉద్యోగం ఇచ్చేవాళ్ళు ఆవిడ పేరు వెతికితే ఇక బూడిద తలకాయ ఒక్కటే కనిపించదు. ఒక మనిషి కనిపిస్తుంది.

కోచ్‌కి చెప్పలేదు. చెప్తే వద్దంటుంది. ఆ మెడ అలాంటిది.

నేను అబద్ధం రాయలేదు. ఎవరూ రాయని నిజం రాశాను.

మార్చి 9, శనివారం

సన్మానం అయింది. కోచ్ నల్ల కోటు వేసుకుని వచ్చింది. శాలువా కప్పగానే వెంటనే తీసి బుద్ధిగా నాలుగు మడతలు పెట్టి తిరిగి ఇవ్వబోయింది. “ఉంచుకోండి, ఉంచుకోండి,” అని స్టేజీ అంతా ఒకటే కేక. పత్రం అమరేశ్వరరావు గారి భార్య సరోజ గారు చదివారు, తెలుగుదే. ధీర అన్నచోట హాలు చప్పట్లతో ఊగింది. చప్పట్లు విని కోచ్ నడుం ఒంచి దణ్ణం పెట్టింది.

ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కాకపోవడం నాకెందుకో హాయిగా అనిపించింది. ఎందుకో.

మార్చి 12

ఇంటర్వ్యూకి పిలిచారు! వచ్చే మంగళవారం. రిక్రియేషన్ సెంటర్ తలుపు దగ్గర కోచ్‌ని అమాంతం ఎత్తేశాను. నవ్వుతూ “దించు, మోకాలు,” అంది.

మార్చి 19

కోచ్ ఫోన్ చేసింది. గొంతు ఎప్పటిలాగే ఉంది. అదే భరించలేకపోయాను.

ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారట. మీరు జాతీయ జట్టు మీద తిరగబడ్డారట కదా, ఆ అనుభవం చెప్పండి అన్నారట. అలాంటిదేమీ లేదు అందిట. వాళ్ళు కంప్యూటర్ తిప్పి పేజీ చూపించారట. ఇది ఎవరు రాశారు అంటే తెలియదు అందిట. మీ గురించి మీరే రాయించుకుంటే మాకు చెప్పడం మంచిది, అని ఒకావిడ మెత్తగా అందిట. మీ మిగతా వివరాలు కూడా మళ్ళీ చూసుకోవాల్సి ఉంటుంది అని పంపించేశారు.

“ఎవరు రాశారో మీకు నిజంగా తెలియదా?” అన్నాను. 

“ఇంటర్వ్యూలో తెలియదు,” అంది. “బస్సులో తెలిసింది.”

మార్చి 20

ఎమిలీకి చెప్పాను. అది తిడుతుందనుకున్నాను. పల్చగా నవ్వింది.

“అంటే నువ్వూ ఎక్స్‌పీరియన్స్ పెట్టావన్నమాట, ఆవిడకి.”

“ఇది వేరు!”

“అవును వేరే. రాజగోపాల్ అన్న అడిగి పెడతాడు.”

ఆ తర్వాత ఏం అన్నానో రాయను. ఎమిలీ కళ్ళనీళ్ళు పెట్టుకుని లాండ్రీ బుట్ట తీసుకుని బయటికి పోయింది. నేను అరవలేదు. పైన ఉన్న ఓనర్ కాలితో నేల తన్నాడంటే అది వేరే ఎందుకో అయి ఉంటుంది.

నేను అబద్ధం రాయలేదు. ఊహించాను. ఊహకీ అబద్ధానికీ తేడా ఉంది. ఉంది.

మార్చి 24, ఆదివారం

ఆటకి వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళాను. కోచ్ ఎప్పటిలాగే బంతులు బయటికి తీస్తోంది. నా వైపు ఒక బంతి తన్నింది. ఆపలేకపోయాను.

అందరూ వెళ్ళాక బెంచీ మీద కూర్చోబెట్టింది. క్షమించండి అన్నాను. ఆ మాట విననట్టే మొదలుపెట్టింది.

“నువ్వు రాసిన మనుషులు ఉన్నారు ఝాన్షీ. కానీ నేను కాదు. మా మిల్లు జట్టులో కియొకొ అని ఒకామెకి ఆటలో మోకాలు చీలింది. కంపెనీ వైద్యం చేయించనంది. అప్పుడు టూర్ ఉంది. ముగ్గురు పెద్ద క్రీడాకారిణులు, వైద్యం చేయిస్తేనే బస్సు ఎక్కుతాం అన్నారు. నేను అప్పటికి ఎప్పుడూ బెంచీ మీదే. మేనేజర్ వచ్చి, నువ్వు ఎక్కుతావా అన్నాడు.”

“ఎక్కలేదు కదా?”

“ఎక్కాను. ముందు వరుసలో కూర్చున్నాను. ఆ టూర్‌లో జాతీయ జట్టువాళ్ళు నన్ను చూశారు. మూడు మ్యాచ్‌లు అక్కణ్ణుంచి వచ్చాయి.”

ఏదో ఒకటి చెప్పండి అని మనసులో బతిమాలుకుంటున్నాను. బలవంతం చేశారని, ఇంట్లో ఆకలి అని, ఏదో ఒకటి.

“ఎందుకు ఎక్కారు?”

“ఆడాలని ఉండింది,” అంది. “తిరిగి వచ్చాక మిల్లు జట్టులో ఎవరూ నాకు పాస్ ఇవ్వలేదు. మైదానంలో అంతమంది ఉన్నా బంతి నా దగ్గరికి రాదు. రెండేళ్ళు అలా పరుగెత్తి మానేశాను. నేను బాగా ఆడేదాన్ని కాదని నీకు చెప్పాను కదా. బంతి రాకపోతే ఎవరు బాగా ఆడతారు?”

మా కరపత్రాల్లో దీనికొక పేరుంది. ఖమ్మం బజారులో ఆ పేరుని కేకలు వేసి అరిచినదాన్ని. సమ్మె ద్రోహి. నా వేళ్ళతో నేనే ఆ మనిషిని ధీర అని రాశాను. శాలువా కప్పించాను. హాలంతా చప్పట్లు కొట్టించాను.

వెళ్తానని కూడా చెప్పకుండా వచ్చేశాను.

మార్చి 25

ఆవిడ కోసం ఇక ఒక్క వాక్యం రాయను.

మార్చి 26

పేజీలో నేను కలిపింది తీసేశాను. ఆవిడ కోసం కాదు. ఆ బస్సు ఎక్కని ముగ్గురి కోసం. వాళ్ళ తెగువ ఎక్కినావిడ పేరు మీద ఉండకూడదు కదా.

మార్చి 27

మళ్ళీ ఉంది! ఎవడో ముక్కూ ముఖం తెలియని మనిషి తిరిగి పెట్టేశాడు. “ఆధారం ఉన్న సమాచారాన్ని కారణం లేకుండా తొలగించకండి,” అని నాకొక హెచ్చరిక కూడా. మళ్ళీ తీశాను. మళ్ళీ పెట్టాడు. ఆ మనిషి ఎక్కడో కూర్చుని నా అబద్ధానికి కాపలా కాస్తున్నాడు.

అబద్ధం అని రాశాను. సరే. అబద్ధమే.

మార్చి 30

ఆధారాన్నే పీకాలి. ఎమిలీని బతిమాలి ఈస్టర్ పాటల ప్రాక్టీస్ మానిపించి, వాటర్లూ తీసుకెళ్ళాను. పది రోజులుగా నాతో మాట్లాడనిది బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది గానీ వచ్చింది.

అమరేశ్వరరావు గారు ఇంట్లో పంచె కట్టుకుని ఉన్నారు. అంతా విని పెద్దగా నవ్వారు.

“దీనికింత బాధేమిటమ్మా? సన్మానపత్రం అన్నాక ఎక్కువ తక్కువలుంటాయి. కిందటేడు నన్ను అభినవ కర్ణుడన్నారు. నేనేమైనా కవచం కోసి ఇచ్చానా? మెంబర్‌షిప్ ఫీజు సగం చేశాను, అంతే.”

“మీరు కర్ణుడు కాదని అందరికీ తెలుసు అంకుల్. ఆవిడ సంగతి ఎవరికీ తెలియదు. నేను రాసిందే నిజమనుకుంటున్నారు.”

ఎమిలీ నా మోచేతిని గిల్లింది. ఆయన నవ్వు ఆగింది.

“ఇప్పుడది తీసేస్తే అసోసియేషన్ పరువేమిటి? ఆవిడ ఫోటో బ్యానర్ మీద ఉంది. స్పాన్సర్లు చూశారు. ఉగాదికి కన్సల్ గారొస్తున్నారు.”

“ఆవిడ ఉద్యోగం పోతోంది అంకుల్.”

“అబద్ధం రాసింది నువ్వు. సర్దుకోవలసింది మేమా?”

 నాకు కోపం రాలేదు, అదే వింత. సరోజ గారు వంటింట్లోంచి పులిహోర గిన్నెతో వచ్చి ఆయన ముందు పెట్టారు.

“ఏమండీ, ఆ పత్రం చదివింది నేను. ఊరంతటి ముందు అరిచి చదివాను. అది అబద్ధమని తెలిశాక కూడా నా గొంతుతో వెబ్‌సైట్‌లో ఉంటుందా? ఫోటోలుంచండి, పత్రం తీసెయ్యండి. ముందు తినండి, తర్వాత తియ్యండి.”

తిన్నాక తీశారు. నేను అక్కడే కూర్చుని పేజీలోంచి నా రెండు పేరాలు మళ్ళీ తొలగించాను. ఎందుకు తొలగించారు అని అడిగే గడిలో రాశాను: “ఇది రాసింది నేనే. నిజం కాదు. ఆ ఆధారం కూడా నేను రాసిందే.”

బస్సెక్కాక ఎమిలీ మొదటిసారి మాట్లాడింది. “పులిహోరలో ఇంగువ ఎక్కువైంది కదే.”

అవునన్నాను. అస్సలు ఎక్కువ కాలేదు.

మార్చి 31

పేజీ ఖాళీగానే ఉంది. ఎవడూ తిరిగి పెట్టలేదు. ఎమిలీ చర్చి నుంచి కేకు తెచ్చి నా మంచం మీద పెట్టింది.

ఏప్రిల్ 2

రిక్రియేషన్ సెంటర్‌కి వెళ్ళాను. ఆవిడ కోసం ఒక్క వాక్యం రాయను అన్న మనిషినే, మూడు రోజులు గింజుకుని వెళ్ళాను. ఎందుకు వెళ్ళావు అని ఎవరైనా అడిగితే చెప్పలేను. ఆ మనిషి బస్సు ఎక్కిందన్నది నిజం. ప్రతి ఆదివారం బంతులు సంచిలో వేసుకుని మాకంటే ముందు వస్తుందన్నదీ నిజం. ఒకటి రెండోదాన్ని కొట్టేస్తుందేమోనని చూస్తూ కూర్చున్నాను. కొట్టెయ్యలేదు.

మేనేజర్, ఇంటర్వ్యూలో మెత్తగా మాట్లాడిన ఆవిడే. ఆ పేజీ నేను రాశానని చెప్పాను. నా పేరు, కాలేజీ పేరు చెప్పాను.

“ఆమెకు తెలిసే రాశారా?”

“తెలియదు.”

“ఎందుకు రాశారు?”

అసలు జవాబు పైకి అనలేదు గానీ ఇక్కడ రాస్తున్నాను: ఆవిడ ఉన్నట్టుగా ఉంటే నాకు చాలలేదు. మేనేజర్‌తో మాత్రం, గౌరవంతో, అన్నాను. ఆవిడ తన కాగితం మీద ఏదో రాసుకుంది. కురమిత్సు గారిని మళ్ళీ పిలుస్తాం అంది. మీరు మాత్రం ఇలాంటివి మళ్ళీ చెయ్యకండి అంది. చెవులు కాలిపోయాయి. అలాగేనండి అన్నాను. ఇది నేనేనా?

ఏప్రిల్ 7, ఆదివారం

ఆటకి వెళ్ళాను. కోచ్ నన్ను చూసి తల ఊపింది. ఆటలో రెండుసార్లు బంతి నాకొచ్చింది. రెండుసార్లూ ఆవిడకే పాస్ ఇచ్చాను. నైజీరియా పెద్దమ్మాయి తిట్టింది, “గోల్ అటు ఉంది!”

ఏప్రిల్ 16

రెండో ఇంటర్వ్యూ. నేను కూడా వెళ్ళి ఈతకొలను పక్కన బల్ల మీద కూర్చున్నాను. క్లోరిన్ వాసన, పిల్లల కేకలు. కాళ్ళు ఊపకుండా ఉండలేకపోయాను.

కోచ్ బయటికి వచ్చింది. బాగా జరిగింది అంది. పేజీ గురించి అడగలేదట, అంతా సర్దుకుందన్నారట. ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు చెప్పింది, బస్సు సంగతి తనే వాళ్ళకి చెప్పానని.

“వాళ్ళు అడిగారా?”

“లేదు.”

“అడక్కుండా ఎందుకు చెప్పారు కోచ్? అది ఏ కాగితం మీదా లేదు! ఎవరికీ తెలియదు! ఉద్యోగం చేతిదాకా వచ్చింది!”

ఈతకొలను దగ్గర తల్లులందరూ నా వైపు చూశారు. నేనే అన్నానా ఆ మాటలు? ఎవరికీ తెలియదు కాబట్టి చెప్పొద్దు అని? నేనే అన్నాను.

కోచ్ కోటు గుండీలు పెట్టుకుంటూ చెప్పింది. “ఆడపిల్లల జట్టు అన్నాక ఏదో ఒక రోజు మేం ఆడం అంటారు. మంచు పడుతున్నా లోపలి మైదానం ఇవ్వలేదనో, ఎవరో కోచ్ చెయ్యి వేశాడనో, మోకాలనో. ఆ రోజు సిటీవాళ్ళు నన్ను పిలిచి, వేరే పిల్లల్ని బస్సు ఎక్కించు అంటారు. ఒకసారి ఎక్కిన మనిషిని కాబట్టి మళ్ళీ ఎక్కుతానని అనుకోవచ్చు. ఎక్కను. అది తెలిశాకే వాళ్ళు నన్ను తీసుకోవాలి.”

“అలాగే అన్నారా? ఆ మాటలతోనే?”

“నా ఇంగ్లీషు అంత బాగుండదు. ‘బస్సు లేదు’ అన్నాను.”

ఏప్రిల్ 18

ఏమీ తెలియలేదు.

ఏప్రిల్ 19

ఏమీ తెలియలేదు. వేర్‌హౌస్‌లో స్కానర్ కింద పడేశాను. పగల్లేదు.

ఏప్రిల్ 22

ఉద్యోగం వేరే అతనికి ఇచ్చారు. జట్టుతో కలిసి పనిచేసే స్వభావం ముఖ్యమని ఉత్తరంలో రాశారట. కోచ్ ఫోన్‌లో చదివి వినిపించింది, స్వభావం అన్న ఇంగ్లీషు మాటకి అర్థం కూడా అడిగింది. చెప్పాను.

ఏప్రిల్ 23

కూర్చుని ఒక పోస్టు రాశాను. ఇంత బాగా నేనెప్పుడూ రాయలేదు. ఈసారి ప్రతి అక్షరం నిజం. నిజం చెప్పినందుకు ఒక మనిషికి ఉద్యోగం పోయింది, ఇదీ మీ సిటీ, ఇదీ మీ పద్ధతి, అని. రిక్రియేషన్ సెంటర్ పేరు, మేనేజర్ పేరు, ఉత్తరంలో మాటలు, అన్నీ ఉన్నాయి. కాలేజీ గ్రూపుల్లో వేస్తే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. మేనేజర్‌కి ముచ్చెమటలు పడతాయి.

ఎమిలీకి చదివి వినిపించాను. ఇంటర్వ్యూకని చొక్కా ఇస్త్రీ చేసుకుంటోంది. ఎక్స్‌పీరియన్స్ పెట్టించుకుందో లేదో నేను అడగలేదు, అది చెప్పలేదు. పోస్టు మొత్తం విని ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది.

“బాగుందే. ఒళ్ళు జలదరించింది. ఆవిణ్ణి అడిగావా?”

“ఇందులో ఒక్క అబద్ధం లేదు!”

“లేదులే. అడిగావా?”

వెంటనే ఫోన్ చెయ్యలేదు. గదిలో అటూ ఇటూ తిరిగాను. అయినా అడిగేదేముంది, ఇది ఆవిడ ఒక్కదాని సంగతా, రేపు ఇంకొకరికి జరగదా, మూగగా ఊరుకుంటే మనమూ ఆ బస్సు ఎక్కినట్టే కదా? ఇవన్నీ గట్టిగానే అన్నాను. ఎమిలీ కాలరు తిప్పి ఇస్త్రీ చేసుకుంటూనే ఉంది.

చివరికి చేశాను. పోస్టు మొత్తం చదివి వినిపించాను, ఇంగ్లీషులో. కోచ్ వెనక కౌంటర్ దగ్గర ఎవరో లాకర్ తాళం అడుగుతున్నారు.

“బాగా రాశావు,” అంది.

“వెయ్యనా?”

“ఆలోచించుకుని చెప్తాను. అప్పటిదాకా వెయ్యొద్దు.”

“ఎప్పుడు చెప్తారు?”

“తెలియదు ఝాన్షీ,” అని ఎవరికో తాళం ఇవ్వడానికి పెట్టేసింది.

ఫోన్ ఇప్పుడు నా మోకాలి మీద ఉంది. పోస్టు తెర మీదే ఉంది. బొటనవేలు కింద నీలం గుర్తు. నొక్కితే అయిపోతుంది. ప్రతి అక్షరం నిజం.

నొక్కలేదు.

ఎమిలీ రెండో చొక్కా మొదలుపెట్టింది. ఇంకా నొక్కలేదు.